వెలుగు తగ్గిందన్న టార్చి

1961లో నాకు ధర్మవరంలో, స్టేషనుకు పోయే దారిలో చిన్న అంగడి ఉండేది. మాది హిందూపురం. స్టవ్వులు, లాంతర్లు, టార్చిలైట్లు బాగు చేయడం నా పని. అప్పటికి ఊళ్ళో అన్ని ఇళ్ళకూ కరెంటు రాలేదు. నేతగాళ్ళ ఇళ్ళలో పట్టపగలు కూడా టార్చితో పనిపడేది. మగ్గం ఉండేది లోపలి చీకటి గదిలో. సన్నని పట్టుపోగు తెగితే దాని కొస ఎక్కడుందో టార్చి వేసి వెతికి అతకాలి.

నారాయణప్ప అట్లాంటి నేతగాడు. యాభై ఇంకా దాటలేదు. అంచు నేయడంలో అంతటివాడు ఆ వీధిలోనే లేడనేవారు. ఆయన భార్య నాగమ్మ ఆ ఏడు రెండుసార్లు వాళ్ళ టార్చి నా దగ్గరికి తెచ్చింది. మొదటిసారి నిజంగానే సెల్లు కారి, స్ప్రింగుకు తెల్లగా పొడి పట్టింది. గీకి శుభ్రం చేసిచ్చాను. రెండోసారి ఎంత వెతికినా లోపం దొరకలేదు.

"బాగానే ఉండాది కదమ్మా" అన్నాను.

"ఆయన మబ్బుగా ఉండాదంటాడన్నా. మళ్ళొకసారి తుడిచియ్యి" అని తల వంచుకుంది.

కొన్నాళ్ళకు నారాయణప్పే కబురు పెట్టాడు, ఇంటికొచ్చి తన ముందరే బాగు చేయమని. పోయేసరికి ఆయన మగ్గం మీదనే ఉన్నాడు. పెళ్ళి చీర, పల్లూ దగ్గరికి వచ్చింది.

"చూడు బాషా, ఈమె చేతికి ఏదిచ్చినా ఇంతే. వారానికొకసారి కిందేస్తాది. ఇంగ అది యాడ వెలుగుతాది?" అన్నాడు. నాగమ్మ, "అవునన్నా, నేనే పడేసినా" అని ఒప్పుకుంది.

టార్చిలో తప్పు వెతకాలంటే వెనకనుంచి ముందుకు రావాలి. ముందు సెల్లు. వాటిని బయటికి తీసి, తీగతో నా దగ్గరున్న బల్బుకు నేరుగా కలిపాను. జిగేల్మని వెలిగింది. తర్వాత కాంటాక్టులు, అంటే కరెంటు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దాటే రేకు ముక్కలు. వాటిని ఉప్పుకాగితంతో రుద్దాను. స్విచ్చి విప్పి బిగించాను. చివరకు రిఫ్లెక్టరు, బల్బు చుట్టూ ఉండే అద్దంలాంటి గిన్నె. దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచాను. బల్బు కూడా కొత్తది వేశాను. అన్నీ బిగించి ఎదురుగోడ మీదికి వేస్తే, అక్కడ తగిలించిన చేట అల్లిక పుల్ల పుల్లా కనబడింది.

"ఇప్పుడు చూడప్పా."

నారాయణప్ప గోడ వైపు తిరిగి చాలాసేపు చూశాడు. "ఇంకా మబ్బుగానే ఉండాదే" అన్నాడు.

నేను నాగమ్మ వైపు చూశాను. ఆమె ఆయన వెనక నిలబడి, చెప్పొద్దన్నట్టు రెండు చేతులూ జోడించింది. నేను ఊరికే టార్చి ఆర్పి మళ్ళీ వేశాను. ఆ తటపటాయింపుతోనే ఆయనకు అనుమానం వచ్చింది.

"బాషా, నిజం చెప్పు. వెలుగు ఎట్లుండాది?"

అడిగిన మనిషికి అబద్ధం చెప్పలేకపోయాను. "బాగుండాదప్పా" అన్నాను.

ఆయన చేతిలో ఉన్న నాడె, పోగును అటూ ఇటూ దాటించేది, పక్కన పెట్టాడు. భార్యను అడిగాడు, "నీకు తెలుసునా?"

"యాడాదిగా తెలుసు" అంది నాగమ్మ. "పోగు తెగితే నేనే కొస వెతికి అతుకుతాండా. నీకు కండ్లు ఆనడంలేదని షావుకారికి తెలిస్తే పట్టు ఇయ్యడు. నువ్వు మగ్గం దిగితే బతకవు. అందుకే టార్చి మీదికి తోసినా. తిడితే తిట్టినావులే అనుకున్నా."

నేను సామాను సర్దుకుని వచ్చేశాను.

తర్వాత వాళ్ళు బెంగళూరుకు పోయి కంటి డాక్టరుకు చూపించుకున్నారు. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినిందట. పోయిన చూపు రాదు. యాడాది ముందే వచ్చి ఉంటే అప్పటికి ఉన్న చూపునైనా నిలబెట్టడానికి వీలుండేదని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఇద్దరూ పక్కపక్కన కూర్చొని విన్నారట.

నాగమ్మ ఆయన్ను మగ్గం మీద నిలపాలని దాచింది. ఆ దాచడమే ఆయన కళ్ళను తినేసింది. సంగతి తెలిసి షావుకారు, తనదే అయిన ఆ మగ్గాన్ని ఇంకొకరి ఇంటికి మార్పించాడు. ఆమె వేరేవాళ్ళకు పట్టు కండెలు చుట్టే పనికి కుదిరింది. ఒకనాడు వీధిలో కనబడితే, ఆయన ఎట్లున్నాడని అడిగాను.

"పెడితే తింటాడన్నా. నాతో మాత్రం మాట్లాడడు" అంది. "టార్చి చెడిందని తిట్టేటప్పుడే బాగుండె."

ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు టార్చిలు బాగు చేసే పనే చేశాను. వెలుగు తగ్గిందని ఎవరు వచ్చినా, టార్చి విప్పకముందే దాన్ని గోడ మీదికి వేసి, "ఏం కనబడుతుంది?" అని తెచ్చినవాళ్ళను అడిగేవాణ్ణి. కొందరు నవ్వారు. ఒకరిద్దరు, "నా కండ్లకేమైంది?" అని కోపంతో లేచిపోయారు. ఏదైనా చెడిపోయిందని చెప్పడం సులభం, బాగు చేస్తామన్న ఆశ ఉంటుంది. నా పనిలో అన్నిటికన్నా కష్టమైన మాట మాత్రం "ఇది బాగానే ఉంది" అనడమే.