లోపలి గదికి గాలి

మా మొదటి బిడ్డ పదకొండు రోజులు బతికింది. మా అవ్వ, అంటే మా అమ్మ, చేసిన పని వల్లే పోయిందని వాడకట్టంతా అనుకుంది. అవ్వ కూడా అదే నమ్మింది. అది నిజం కాదని నాకు తెలుసు. ఆమె బతికి ఉండగా చెప్పలేకపోయాను. ఆ ఏటి డైరీ ముందు పెట్టుకుని, ఇల్లు కట్టిన దగ్గర నుంచి రాస్తున్నాను.

అవి అరవైల చివరి సంవత్సరాలు. కొత్తగూడెం నుంచి గోదావరిఖనికి బదిలీ అయి వచ్చాను. గనిలో గాలి కొలవడం నా పని. ఏ సొరంగంలోకి ఎంత గాలి పోతోంది, ఎంత తిరిగి వస్తోంది, ఎక్కడ మందగిస్తోంది అని మీటరుతో కొలిచి రిజిస్టరులో రాసేవాణ్ణి. నేను సంతకం పెట్టిన చోట కార్మికులు నిశ్చింతగా పని చేసుకునేవారు. కంపెనీ క్వార్టరు ఇప్పట్లో వచ్చేలా లేదు. గనికి రెండు మైళ్ల దూరంలో కొంచెం జాగా కొని మూడు గదుల పెంకుటిల్లు మొదలుపెట్టాను. నా భార్య అప్పటికి నాలుగో నెల గర్భిణి.

మా వైపు ఎండలు ఎంత మండుతాయో చలి అంత కొరుకుతుంది. బొగ్గుకు మాకు కొదవ లేదు. దాన్ని ఇంట్లో ఎక్కడ కాల్చాలి, పొగ ఎటు పంపాలి, వేసవిలో వేడి ఎటు పోవాలి అన్నదే ప్రశ్న. నా భార్య వాళ్ల నాయన కొత్తగూడెంలో ఒక ఆఫీసరు బంగ్లాలో వంట చేసేవాడు. ఆమె చిన్నప్పుడు అక్కడ గోడలో కట్టిన పొయ్యినీ, దాని మీది నుంచి కప్పు దాటిపోయే పొగగొట్టాన్నీ చూసింది. మన లోపలి గదిలో అలాంటిదొకటి కట్టించమని అడిగింది.

మేస్త్రి నవ్వాడు. "అక్కా, గిది ఇల్లా, దొరల బంగ్లానా? పొగగొట్టం పెడితే పొయ్యి ముంగట కూసోనీకి కుర్చీలు గూడ కొనాలె మల్ల" అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. నాతో, "పొగ దాని తొవ్వన అది పోతది. తలుపులు మూసుకున్నా ఫికర్ ఉండదు" అంది.

నేను డైరీలో పేజీకి నడిమధ్య గీత కొట్టి, అటు గోడపొయ్యి, ఇటు కుంపటి రాసుకున్నాను. పొగగొట్టం పెడితే పెంకుల మధ్య వాన కారుతుంది. వేడిలో సగం పైకి పోతుంది. రెండు నెలల చలి కోసం గోడ తొలవడం ఎందుకు? కుంపటి అయితే ఏ గదికైనా మోసుకుపోవచ్చు. ఎదురెదురు గోడల్లో పైన రెండు వెంటిలేటర్లు పెడితే గాలి ఒకదానిలో వచ్చి ఇంకోదానిలో పోతుంది. వేసవికి కూడా అవే పనికొస్తాయి. గదిలో గాలి గంటకు ఎన్నిసార్లు మారుతుందో లెక్క కట్టి ఆమెకు చూపించాను. ఆమె కాగితం వైపు చూడనే లేదు.

"గాలి లెక్కలు నీకే ఎరుక" అని లోపలికి వెళ్లింది.

ఆ లెక్కలో తప్పు లేదు, ఇప్పుడు చూసినా సరిగ్గానే ఉంది. వెంటిలేటర్లు తెరిచి ఉంటాయన్న నమ్మకం మీద కట్టిన లెక్క అది.

కొత్త ఇంట్లో చేరిన రెండో నెలలో, చలికాలంలోనే, కాన్పు అయింది. ఆడపిల్ల. అవ్వ మా దగ్గరే ఉండి పురుడు పోసింది. బాలింతకు చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం కింద కుంపటి, మా ఇళ్లలో అందరూ అలాగే చేసేవారు. బొగ్గును ముందు వాకిట్లో రాజేసి, పొగంతా పోయి కణకణ ఎర్రగా అయ్యాకే లోపలికి తెచ్చేవారు. పొగ పోతే చెడు పోయినట్టేనని మా బస్తీలో పెద్దా చిన్నా అందరి నమ్మకం.

పదో రోజు ముసురు పట్టింది. పదకొండో రోజు పొద్దున డ్యూటీకి బయలుదేరుతూ లోపలి గదిలోకి తొంగి చూశాను. అవ్వ వెంటిలేటర్లు రెండింటిలోనూ గోనెగుడ్డలు కుక్కింది. తలుపు కింది సందులో పాతచీర చుట్టి పెట్టింది. గాలికి తొవ్వ లేకుండా చేసినవేంది అవ్వా అని అడిగాను.

"చలిగాలి కొడితె బాలింతకు సంధి జరం వస్తది బిడ్డా. గీ ఒక్క వారం ఓర్చుకో" అంది.

తల బరువుగా ఉందని నా భార్య మంచం మీది నుంచి అంది. కాన్పు నీరసమనుకున్నాను. గనిలో అనుమానం వచ్చిన చోట మేం సేఫ్టీ ల్యాంపు పట్టుకుని, గాలి చెడి మంటలో తేడా వస్తుందేమో చూస్తాం. అదే అలవాటుతో గూట్లో వెలుగుతున్న కందిలు దీపం తీసుకున్నాను. మొదట నేల మీద పెట్టి, తర్వాత పెంకుల దాకా ఎత్తి మంట చూశాను. కిందా పైనా ఒకేలా నిలకడగా వెలిగింది.

"గాలి మంచిగనే ఉన్నది. ఉండనీ" అన్నాను.

అవ్వ సంతోషంగా తలుపు దగ్గరకు వేసింది.

గనిలో మంటలు లేచినప్పుడు లోపలికి పోయేవాళ్లకు ఒక తరగతి చెప్పేవారు. నేనూ కూర్చుని నోట్సు రాసుకున్నాను. గాలి చాలని చోట నిప్పులు రాజుతుంటే ఒక విషవాయువు పుడుతుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, దీపానికి అది తెలియదు, అందుకే పంజరంలో పిట్టను తీసుకుపోతారు, మనిషికన్నా ముందు అది పడిపోతుంది అని నా చేతిరాతలోనే ఉంది. అది గని పాఠం. ఇంట్లో కుంపటికి దాన్ని అన్వయించుకోవాలని నాకు తట్టలేదు.

మధ్యాహ్నం కబురు వస్తే గనిలోంచి పైకి వచ్చి ఇంటికి చేరాను. అవ్వ గుడ్డలు ఉతికి వచ్చి తలుపు తీసేసరికి నా భార్యకు స్పృహ లేదు. పక్కింటివాళ్లు మంచంతోనే వాకిట్లోకి తెచ్చారు. ఆమె కాసేపటికి మూలిగింది. బిడ్డ కదలలేదు. బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగా, అప్పుడే పాలు తాగి నిద్రపోయినట్టు ఉన్నాయి. చూసినవాళ్లు బతికే ఉందని నా చేతికి ఇచ్చారు. ఆ వాయువు పీల్చి పోయినవాళ్లు అలాగే ఎర్రబడతారని కూడా ఆ పాఠంలో చెప్పారు.

పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు గోనెగుడ్డల సంగతి విన్నారు. ముసల్ది సందులన్నీ కుక్కి పసిగుడ్డును చంపుకున్నదని వాకిట్లోనే అన్నారు. అవ్వ "గీ చేతులతోనే కుక్కిన" అని రెండు చేతులూ చూపించి ఏడ్చింది. నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. నేను చూశాను, పరీక్షించాను, ఉండనీ అన్నాను అని చెబితే సరిపోయేది. గని మొత్తం నా మాట నమ్మి గాలి పీలుస్తోంది. నా ఇంట్లో ఒక్క గది గాలి నాకు తెలియలేదని ఆ జనం ముందు అనడానికి నోరు రాలేదు. పెద్ద కారణమేమీ లేదు, సిగ్గు, అంతే.

నెల తిరక్కుండా అవ్వ కాసిపేటలో మా అక్క దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ మా గడప తొక్కలేదు. తర్వాత మాకు ఇద్దరు కొడుకులు పుట్టారు. పురుడు పోయడానికి రమ్మంటే రెండుసార్లూ రాలేదు. పిల్లలను తీసుకుపోతే దూరం నుంచే చూసేది, ఎత్తుకునేది కాదు. నేను ఉండనీ అనడం నా భార్య మంచం మీది నుంచి విన్నది. ఒక్క రోజూ ఆ మాట ఎత్తలేదు. నేనే చెబుతానని ఎదురు చూసిందని ఇప్పుడు అనిపిస్తుంది.

డెబ్బైల మధ్యలో అవ్వ మంచం పట్టింది. ఒక ఆదివారం ఇద్దరం చూడబోయాం. మాట సన్నబడింది కానీ తెలివి ఉంది. నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పొద్దు నువ్వు వద్దన్నవు బిడ్డా. నేనే ఇనకపోతిని" అంది.

ఏడేళ్లుగా తలుచుకుని తలుచుకుని ఆమె మనసు నన్ను మంచివాణ్ణి చేసింది. నేను ఆ చెయ్యి అలాగే పట్టుకుని, పండుకో అవ్వా అన్నాను. మంచం అటువైపు నా భార్య నిలబడి ఉంది.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడినప్పుడు అడిగింది. "వద్దన్నవా?"

"లేదు."

"మరి పోయి చెప్పు. నేను ఈడనే ఉంట."

అప్పటికే బస్సు వస్తోంది. తెల్లవారి డ్యూటీ ఉందనీ, వచ్చే ఆదివారం వచ్చి తప్పకుండా చెబుతాననీ అన్నాను. ఆమె బస్సు ఎక్కి కూర్చుంది. గురువారం అక్క దగ్గర నుంచి అవ్వ పోయిందన్న కబురుతో మనిషి వచ్చాడు.

అవ్వ వినకపోవడం ఏమీ లేదు. నేను వద్దనలేదు.