స్కోరు బావ పన్నెండు ఆటలు

స్కోరు బావకి ఏడాదికి పన్నెండు నెలలు ఉండవు. పన్నెండు ఆటలు ఉంటాయి.

లోకమంతా జనవరి అనుకునేది ఆయనకి టెన్నిసు. ఫిబ్రవరి, మంచు మీద జారేవాళ్లది. ఎండలు ముదిరేలోపు ఫుట్‌బాల్ ఫైనళ్లు, ముదిరాక సైకిలు పందేలు, వానల్లో ఈత, చలి మొదలైతే చదరంగం. సందు దొరికిన చోటల్లా క్రికెట్టు. "మన పెళ్లి ఎప్పుడయింది, చెప్పండి చూద్దాం" అని భార్య ఓసారి పరీక్ష పెడితే, తడుముకోకుండా "సైకిళ్లు పెద్ద కొండెక్కిన రోజు" అన్నాడు. ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. ఆ సంగతి ఆయనకి నాలుగో రోజున, వర్షం వల్ల ఆట ఆగినప్పుడు తెలిసింది.

స్కోరు బావ అనే బిరుదు బావమరిది ఇచ్చిందే. తరవాత వీధి వీధంతా ఆయనకి బావమరుదులైపోయారు. ఆయన భార్య బడిలో లెక్కలు చెబుతుంది గనక అందరికీ టీచరమ్మ.

ఇల్లు మారిన రోజు వ్యాన్లోంచి మొదట దిగింది టీవీ. పరుపులు వాకిట్లో తడుస్తుంటే, స్కోరు బావ తలకిందులుగా పెట్టిన బకెట్టు మీద కూర్చుని, ఒకాయన గుండ్రటి రాయిని మంచు మీదకి తోస్తుంటే, ఇద్దరు దాని ముందు చీపుళ్లతో ఊడ్చుకుంటూ పరిగెత్తే ఆట చూస్తున్నాడు.

"ఏమండీ, ఇంట్లో చీపురు ఎక్కడుంటుందో తెలీదు గానీ, ఊరుగాని ఊరివాళ్లు ఊడుస్తుంటే కళ్లార్పకుండా చూస్తారే!" అంది టీచరమ్మ.

"వాళ్లు ఊడ్చడం వేరోయ్."

పోనీ, సరదాగా చూస్తాడా అంటే అదీ లేదు. ఆదివారం మధ్యాహ్నం బరువులెత్తే పోటీలు పెట్టుకుని, వాళ్లు బరువెత్తినప్పుడల్లా ఈయన ఆవులించేవాడు. మధ్యమధ్య రిమోటు చేజారి నేల మీద పడేది.

"నిద్రొస్తే పడుకోవచ్చుగా? ఎవరైనా కొడతారా?"

"లేదోయ్, రేపు పనుంది" అని కళ్లు నులుముకునేవాడు. ఆసుపత్రిలో రక్తం తీసే ఉద్యోగానికీ, బరువులెత్తడానికీ సంబంధమేమిటో టీచరమ్మ బుర్రకి తట్టలేదు. ఆ జవాబును కూడా ఆయన పిచ్చి ఖాతాలోనే వేసేసింది.

ఆ టీచరమ్మకే ఈమధ్య ఒంట్లో నీరసం పట్టుకుంది. మెట్లెక్కితే ఆయాసం, లేస్తే కళ్లు తిరగడం. రక్తపరీక్ష చేయించమన్నాడు డాక్టరు. టీచరమ్మకి హెడ్మాస్టరన్నా భయం లేదు, పామన్నా భయం లేదు. సూదంటే మాత్రం చిన్నప్పటి నుంచీ పై ప్రాణాలు పైనే పోతాయి. టెన్నిసులో రాసిచ్చిన చీటీని ఫుట్‌బాల్ దాకా పుస్తకాల మధ్య దాచేసింది.

"నేను తీస్తాగా, రా" అని ఎన్నిసార్లు పిలిచాడో మొగుడు.

"మీరా? సూది లోపలుండగా గోలు పడిందని గెంతితే నా గతేం కాను?"

చివరికి ఒకరోజు నల్లబల్ల దగ్గర భిన్నాలు చెబుతూ చెబుతూ సుద్దముక్కతో సహా కూలబడింది. పిల్లలు గగ్గోలు పెట్టారు. హెడ్మాస్టరు ఆటో పిలిచి, తోడు మనిషినిచ్చి, నేరుగా ఆసుపత్రికి పంపాడు.

రక్తపరీక్షల గది బయట బల్ల మీద కూర్చుంది టీచరమ్మ. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల కుర్చీలో కొండంత లారీ డ్రైవరు ఆకులా వణుకుతున్నాడు. స్కోరు బావ తాపీగా దూది తడుపుతున్నాడు.

"నిన్న మనవాళ్లు భలే గెలిచారండీ, మూడు గోల్సు!"

"గెలవడమేంటి సార్? రెండు ఒకటితో ఓడిపోయి చస్తే!"

"అలాగా? అయినా ఆ ఆఖరి గోలు గోల్‌కీపరు కొట్టడం గొప్పే."

"గోల్‌కీపరు కొట్టడమేంటయ్యా బాబూ! కొట్టింది తొమ్మిదో నంబరువాడు. తలతో! మీరసలు చూశారా?"

"దూది గట్టిగా నొక్కి పట్టుకోండి. అయిపోయింది."

డ్రైవరు తన చేతిని తనే నమ్మలేనట్టు చూసుకుంటూ బయటికొచ్చాడు. తరవాత రిటైరైన పోస్టుమాస్టరమ్మ వెళ్లింది.

"టెన్నిసులో పదిహేను తరవాత ఇరవై కదమ్మా?"

"ముప్పై నాయనా, ముప్పై! నాలుగేళ్లుగా చెబుతున్నాను, నీ బుర్రకెక్కదేం?"

"ఎక్కుతుందమ్మా. దూది పట్టుకోండి."

బల్ల మీద పక్కనే కూర్చున్న కళ్లజోళ్ల షాపాయన టీచరమ్మ వైపు వంగి, "మనిషి బంగారమమ్మా. చెయ్యి మహా తేలిక. పాపం, ఆటల్లో మాత్రం ఓనమాలు రావు" అన్నాడు.

"ఆయనకా!" టీచరమ్మకి రోషం పొడుచుకొచ్చింది. "పదేళ్ల కిందటి చదరంగం ఎత్తులు కూడా వరసగా..." అంటూనే ఆగిపోయింది.

పరీక్షల్లో ఒక ప్రశ్నకి నాలుగు జవాబులివ్వడం ఆవిడకి రోజూ ఉన్న పనే. ఒప్పు రాయడం తేలిక. పిల్లవాడు ఉలిక్కిపడి "ఇది కాదు!" అనేలాంటి తప్పు రాయాలంటే, లెక్క అణువణువూ తెలిసుండాలి. కోపమొచ్చిన మనిషికి సూది గుర్తుండదు. ఇంతమందికి కోపం తెప్పించడానికి ఈయన ఏడాది పొడుగునా ఎన్ని ఆవులింతలు మింగాడో!

ఆవిడ వంతు వచ్చింది. కుర్చీలో కూర్చుంది. బింకంగా, "మీ వేషాలన్నీ విన్నాను. నా దగ్గర చెల్లవు. నాకు ఏ ఆటా రాదు" అంది.

"అయితే ఆటలొద్దులే." ఆయన చేతికి పట్టీ బిగించాడు. "అన్నట్టు, ఏడెనిమిదులు యాభై నాలుగే కదూ?"

"యాభై నాలుగేంటండీ, సిగ్గు లేకపోతే సరి! యాభై ఆరు! ఆరు తొమ్మిదులు యాభై నాలుగు. లెక్కల టీచరు మొగుడై ఉండి..."

"దూది నొక్కి పట్టుకోవోయ్."

ఆవిడకి రక్తం తక్కువైందని తేలింది. మాత్రలు రాసిచ్చారు, ఇంకేం ఫరవాలేదన్నారు. ఆ సాయంత్రం బడి పుస్తకాలు సర్దుకుంటూ చూస్తే, ముందు గదిలో వింత. టీవీ ఆపేసి ఉంది. స్కోరు బావ దాని ఎదురుగా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమయిందండీ? ఎవరు పోయారు?"

"నువ్వెళ్లాక ఓ పెద్దాయన వచ్చాడు. ఏ ఆటా చూడడట, పావురాలు పెంచుతాడట. నాకు వాటి గురించి ఒక్క ముక్క తెలీదు. ఏం అనాలో తోచలేదు. పాపం, చివరిదాకా కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు." స్కోరు బావ మొహం, పసివాడి చేతిలో బుడగ పేలినట్టుంది. "వచ్చే వారం మళ్లీ వస్తాడు. పావురాల పందేలు ఏ చానల్లో వస్తాయో!"

టీచరమ్మ పుస్తకాలు పక్కన పెట్టి, కళ్లజోడు తగిలించుకుని, ఫోను తీసింది.

"కాస్త జరగండి. పావురం గంటకి ఎంత దూరం పోతుందో ముందు తేలుద్దాం. అది తెలిస్తే గానీ మంచి తప్పు దొరకదు."