కోడ్ మధ్యలో తెలుగు వాక్యం

దెయ్యాలూ భూతాలూ నేను నమ్మను. చదివింది కంప్యూటర్ సైన్సు. మనం రాసింది తప్ప యంత్రం ఇంకోటి చెయ్యదని ఇప్పటికీ నా నమ్మకం.

మా బాబు ఎనిమిదో నెలలో పుట్టాడు. తాగిన పాలు గొంతుకి అడ్డంపడి ఊపిరి పట్టేసేవాడు. పడుకున్నా భయమే, లేచినా భయమే. అందుకని చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. ఉయ్యాల దగ్గర పెట్టిన ఫోను ఏడుపు వింటే నా ఫోను మోగుతుంది. ఇంకో తల్లికి పనికొస్తుందని కోడ్ మొత్తం ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాను. ఎవరైనా సరిదిద్ది పంపొచ్చు. తీసుకోవడం నా ఇష్టం.

ఒకరోజు ఒక సవరణ వచ్చింది. పంపింది ఒక విదేశీ ప్రభుత్వ గూఢచార సంస్థ. దాపరికం ఏమీ లేదు. శబ్దాలు గుర్తుపట్టే భాగాన్ని తమ పనికి వాడుకుంటున్నామనీ, అందులో లోపం దొరికిందనీ రాశారు. అలాంటి సంస్థలు బాహాటంగానే కోడ్ ఇస్తుంటాయని నాకు తెలుసు.

లోపం నిజమే. ఏడుపు ఠక్కున ఆగితే బాబు పడుకున్నాడనుకుని నా ప్రోగ్రాం ఊరుకునేది. వాళ్ళ కోడ్ ఇరవై సెకన్లు చూసి, ఊపిరి చప్పుడు వినపడకపోతే ఫోను మోగిస్తుంది.

ఆ ఇంగ్లీషు వరసల మధ్య, మనుషులు చదువుకోవడానికి రాసే గమనికలా, తెలుగు అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. "ఒక్క పరలోక ప్రార్థన అయ్యేదాకా ఆగు."

అది మా అత్తయ్యగారి పద్ధతి. బాబు ఏడుపు ఆగగానే వంటింట్లోంచే ఏసు ప్రభువు నేర్పిన పరలోక ప్రార్థన ఇరవై సెకన్లలో గబగబా చెప్పుకుని, ఆమేన్ అంటూనే వెళ్ళి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తారు. ముక్తేశ్వరంలో మా ఇంట్లో తప్ప ఈ సంగతి ఎవరికీ తెలీదు. నేనెక్కడా రాయలేదు. ప్రోగ్రాం మాటల్ని బయటికి పంపదు. దాన్ని రాసింది నేనే.

వాళ్ళని అడిగాను. మేం పంపిన కాపీలో ఆ వాక్యం లేదు, ఆ లిపి చదవగలిగేవాళ్ళు మా బృందంలో లేరు అని మర్యాదగా జవాబిచ్చారు. నా దగ్గరున్న రికార్డులో మాత్రం ఆ వరస వాళ్ళ పేరు మీదే ఉంది.

ఓడలరేవులో డ్యూటీలో ఉన్న మా ఆయన ఫోన్లో నవ్వారు. "మనోడి ఏడుపు వినడానికి గూఢచారులు కావాలేంటే? వీధి చివర నిలబడితే సరిపోద్ది!" మళ్ళీ ఆయనే, "వద్దులే, తీసుకోకు" అన్నారు.

అత్తయ్యగారు ఒకటే అడిగారు. "మోగాల్సినప్పుడు మోగుద్దా అమ్మా?"

"మోగుతుందండీ."

"ఆయ్. అయితే ఉంచెయ్."

వాళ్ళు పంపిన నలభై వరసలూ మూడుసార్లు చదివాను. పంపినవాళ్ళెవరైనా, అది చేసే పనంతా నా కళ్ళ ముందే ఉంది. తీసుకున్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. అత్తయ్యగారు చర్చికి వెళ్ళారు. బాబు ఏడ్చి ఆగాడు. పడుకున్నాడనుకున్నాను. ఫోను మోగింది. కిందికి పరిగెత్తేసరికి వాడి పెదాలు నల్లబడుతున్నాయి. బోర్లా పట్టుకుని వీపు మీద తట్టాను. పాలు కక్కి కెవ్వుమన్నాడు.

ఇరవై సెకన్ల లెక్క ఎలా పనిచేస్తుందో ఎవరడిగినా వివరించగలను. ఆ వాక్యం ఎలా వచ్చిందో మాత్రం నాకు అంతుపట్టలేదు. ఈ ప్రోగ్రాం వాడేవాళ్ళు కొందరు ఆ వరస అనవసరం, తీసెయ్యమని రాస్తున్నారు. కంప్యూటరుకి దాంతో పని లేదు, నిజమే.

తియ్యను.