బేతమంగళం కట్టమీద చెప్పిన మాట

నాకు పదకొండేండ్లప్పుడు మా అమ్మ ఎదురింటి అత్తను ఇత్తడి బిందెతో కొట్టింది. దెబ్బ అమ్మదే అయినా తప్పు నాది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

మేం కేజీఎఫ్ బంగారు గనుల కోరమండల్ లైను ఇండ్లలో, కూలోళ్ళకు వరసగా కట్టిన ఇండ్లలో ఉండేవాళ్ళం. మా తాత చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చి గనిలో చేరినాడు, తర్వాత నాయన చేరినాడు. గనులు సర్కారు చేతికి వచ్చినా మా వీధి కొళాయి తీరు మారలేదు. ఇరవై ఇండ్లకు అదొక్కటే. పొద్దున గంటసేపు నీళ్ళు వదిలేవాళ్ళు. అందుకని ముందే బిందెలు వరసగా పెట్టి, నీళ్ళు వచ్చే వేళకు ఎవరి బిందె దగ్గరికి వాళ్ళు వచ్చేవాళ్ళు.

ఆ రోజు నాకు లెక్కల పరీక్ష. నీళ్ళు పట్టనిదే అమ్మ బడికి పంపదు. ఎవరూ చూడకుండా ఎదురింటి అత్త బిందెను వెనక్కి జరిపి, దాని జాగాలో మాది పెట్టినాను. కాసేపటికి అత్త వచ్చింది. చూసుకుని, మా బిందె పక్కకు తీసి తనది మళ్ళీ అక్కడ పెట్టింది. సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది.

అత్తది తమిళం, మాది తెలుగు. మామూలు రోజుల్లో రెండూ కలిపి గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు. ఆ పొద్దు రెండు భాషల్లోనూ తిట్లే.

"నీ బిడ్డనే అడుగు, జరిపిందో లేదో" అనింది అత్త.

అమ్మ నావైపు తిరిగింది. "జరిపినావా?"

లేదని తల ఊపినాను.

"దొంగబిడ్డను కన్నావు" అనింది అత్త. పక్కకు తీసిన మా బిందె అమ్మ చేతిలో లేచింది.

అత్త కనుబొమ్మ చీలిపోయింది. నైట్ షిఫ్టు నుంచి అప్పుడే వచ్చిన నాయన, అన్నమైనా తినకుండా ఆమెను ఆస్పత్రికి తీసుకుపోయి కుట్లు వేయించుకొచ్చినాడు. ఆ తర్వాత నాలుగేండ్లు రెండిండ్ల నడుమ మాట లేదు. వాకిళ్ళు ఎదురెదురుగా ఉండి, మధ్యలో పది అడుగుల దారి. అత్త ముగ్గేస్తా ఉంటే అమ్మ బయటికి వచ్చేది కాదు.

నా పదో తరగతి పరీక్షలైపోయినాక లైనులో ఏడెనిమిది కుటుంబాలు కలిసి ఆదివారం బేతమంగళం చెరువుకు పోదామని వ్యాను మాట్లాడుకున్నారు. చెరువు కట్ట కింద పార్కు ఉండాది, పిల్లోళ్ళకు ఉయ్యాలలు ఉండాయి అన్నారు. అమ్మ నిమ్మకాయ చిత్రాన్నం కట్టింది. వ్యాను ఎక్కినాకగానీ తెలియలేదు, వెనక సీట్లో ఎదురింటి అత్త ఉంది. అమ్మ దిగబోయింది. నాయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టినాడు.

ఆ ఏడు వానలు బాగా పడినాయి. కట్ట మెట్లెక్కి చూస్తే అవతలి గట్టు కనపడనంత నీళ్ళు. పదహారేండ్లకు పెండ్లయి లైనుకు వచ్చిన అమ్మకు ఆండర్సన్‌పేట సంత, పుట్టిల్లు తప్ప ఏమీ తెలియదు. చెట్లకు పాదులు తీస్తా ఉన్న తోటమాలిని అడిగింది, "ఈ నీళ్ళు యాడికి పోతాయప్పా?"

"మీ కేజీఎఫ్‌కే అమ్మా. అద్దో, పంపు హౌసు."

అమ్మ కట్టమీద కూలబడింది. కింద పార్కులో కొంతమంది బంతాట ఆడుతున్నారు. నన్ను పిలిచినారు గానీ నేను పోలేదు.

"ఇన్ని నీళ్ళు ఇక్కడ పెట్టుకొని, ఒక బిందె కోసం మనిషిని కొట్టినాను" అనింది అమ్మ. మళ్ళీ తనే, "ఆమె మన బిందె జరపకుండా ఉండింటే ఇంత దాకా వచ్చుండేది కాదు" అనింది.

ఆ మాట విని ఇంగ నావల్ల కాలేదు. "ఆమె ఊరికే జరపలేదమ్మా. ముందు జరిపింది నేను" అన్నాను.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "నాలుగేండ్లు" అని మాత్రం అనింది. లేచి, కొంగు సర్దుకుని మెట్లు దిగింది. నేను వెనకే పోయినాను.

అత్త వేపచెట్టు కింద కొడుకులకు ఆకుల్లో అన్నం పెడుతోంది.

"అక్కా, బిందె జరిపింది నా బిడ్డే. ఇప్పుడే చెప్పింది. నాకు తెలీదక్కా" అనింది అమ్మ.

అత్త గరిటె ఆపలేదు. "బిడ్డ జరిపింది. అది బిడ్డబుద్ధి. కొట్టింది బిడ్డ కాదు గదా?"

"కాదు. తప్పయింది."

అత్త అప్పుడు తలెత్తింది. కనుబొమ్మలో వెంట్రుకలు మొలవని గీత కనపడింది. "నీ బిడ్డ తప్పు తెలిసినంక వచ్చినావు. నీ తప్పు నీకు ఆ పొద్దే తెలుసు."

అమ్మ వెనక్కి తిరిగి చెరువు వైపు నడిచిపోయింది.

"నువ్వు రామ్మా, తిను" అని అత్త నన్ను పిలిచింది. కోపం లేదు ఆ గొంతులో. ఆకు చేతికి ఇచ్చింది. అమ్మ వెనకాల పోవాలని ఉండింది. కానీ అక్కడే కూర్చుని, పెట్టిందంతా తిన్నాను. అమ్మ కట్టిన చిత్రాన్నం మూట విప్పకుండానే ఇల్లు చేరింది.

మర్నాటి నుంచి కొళాయికి నన్నే పంపింది అమ్మ. తాను మళ్ళీ రాలేదు. అత్త వాకిట్లో నిలబడి నాతో మాట్లాడేది, రిజల్ట్స్ ఎప్పుడని అడిగేది, ఒకసారి నా జడ కూడా వేసింది. లోపల అమ్మ వింటూ ఉండేది. నన్ను ఒక్క మాటా అనలేదు. అనింటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

గనులు మూసేసినాక ఒక్కో ఇల్లూ ఖాళీ అయింది. అత్త పెద్దకొడుక్కి హోసూరులో పని దొరికింది. సామాను ఎత్తే రోజు, ఎవరూ పిలవకుండానే అమ్మ వాళ్ళింట్లోకి పోయి ఇనుప బీరువా ఒక పక్క పట్టుకుంది. రెండో పక్క అత్త. అమ్మ వెనక్కి నడుస్తా ఉంది.

"గడప చూసుకో" అనింది అత్త.

లారీ పోయినాక కూడా అమ్మ ఆ మాట చానా దినాలు చెప్పుకుంది. "కోపమే ఉంటే నన్ను పడనీ అనుకోదా? చెప్పు" అని నన్ను అడిగేది. అవును, కోపం పోయిందిలే అని ఒక్కసారీ అనలేకపోయినాను.