వాసన ఇంకిన గొట్టం

పంపు పిన్ని వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను గొట్టం చుట్టూ చుట్టింది. తలుపు వేస్తే మోకాళ్లకు తగిలేంత ఇరుకు టాయిలెట్ అది. నేల మీద కూర్చుని, తల సింకు కింద పెట్టి, ఇంకో రెండు చోట్ల కూడా అలాగే చుట్టింది. అవి చల్లారేదాకా ఆగాలి.

రేవులో అందరూ ఆమెను పంపు పిన్ని అనే పిలుస్తారు. తెరచాప పడవల్లో టాయిలెట్లు బాగుచేయడం ఆమె పని. ఎవరూ నేర్పలేదు. ఆమె కొత్తగా కాపురం పెట్టిన పడవలో ఉన్నది ఒక బకెట్, దానికి సరిపోని మూత. తర్వాతి పడవలో చేత్తో కొట్టే పంపు. అది మొరాయించినప్పుడల్లా విప్పి, రబ్బరు ముక్కలు పాత పేపరు మీద వరసగా పేర్చి, అదే వరసలో తిరిగి బిగించేది. ఆ తర్వాత మీట నొక్కితే చాలనే కరెంటు రకం కొన్నారు. అది బ్యాటరీని పీల్చేసి, దీపాలు వెలగనిచ్చేది కాదు. ఇప్పుడు ఆమె పడవలో ఉన్నది నీళ్లక్కర్లేని, రంపప్పొట్టు పోసే పొడి రకం.

ఇప్పుడు గొట్టం చూస్తున్న ఈ పడవ ఆమె అక్కాబావలది. ఆరేళ్లుగా ఇద్దరికీ ఇదే ఇల్లు. నెల రోజులుగా పడుకోనివ్వని కంపు. ఆదివారంలోగా అది పోకపోతే పడవ దిగిపోతానని అక్క తేల్చి చెప్పేసింది. గట్టు మీద అద్దె గది కూడా చూసుకుంది. ఆయన వస్తే వస్తాడు, లేకపోతే లేదు.

"పంపు రెండుసార్లు మార్చాను. సెంటు కూడా పోశాను. ఇంకేం చెయ్యమంటావ్?" అన్నాడు బావ, గుమ్మానికి ఆనుకుని.

"కాస్త నోరు మూసుకుని నిలబడండి బావా. ఇది ముక్కుతో చేసే పని."

"విన్నావా, మీ చెల్లెలికి నేనంటే ఎంత గౌరవమో!"

"మీ ముక్కు ఎప్పుడో చచ్చింది. దాన్నన్నా పని చేసుకోనివ్వండి," అంది అక్క స్టవ్ దగ్గర్నుంచి.

చల్లారాక మొదటి గుడ్డ తీసి వాసన చూసింది. సబ్బు వాసనే ఉంది. రెండోదీ అంతే. గొట్టం కిందికి వంగి మళ్లీ పైకి లేచే చోట చుట్టిన మూడోదాన్ని ముక్కు దగ్గరికి తెచ్చి, వెంటనే తల తిప్పేసుకుంది. ఆ గుడ్డను బావ చేతిలో పెట్టింది.

"ఎక్కడా కారట్లేదుగా?" అన్నాడు బావ, ముఖం చిట్లించి.

"కారక్కర్లేదు. లోపల నిలవున్నది గొట్టంలోకే ఇంకిపోయింది. పంపు ఎన్నిసార్లు కొడుతున్నారు?"

"ఐదు."

"ఇంత పొడుగు గొట్టానికి ఐదా? పాతిక కొడితేగానీ సముద్రంలో పడదు."

అక్క గరిటెతో సహా వచ్చింది. "చప్పుడు పక్క పడవలోకి వినిపిస్తే పరువు పోతుందట! వచ్చినవాళ్లు కూడా ఐదే కొట్టాలని తలుపు మీద కాగితం అంటించారు."

బావ గుడ్డను బకెట్లో వేసి చేతులు కడుక్కున్నాడు.

కొత్త గొట్టం వేయడం పూట పని. పంపు పిన్ని టేపు తీసి కొలవబోయి ఆగింది.

"అక్కా, నువ్వు పాతిక కొట్టగలవా?"

అక్కకు కుడి భుజం పట్టేసి ఏడాది అవుతోంది. "పదికే చెయ్యి లేవదే."

"అయితే గొట్టమే వద్దు. మా పడవలో ఉన్నటువంటిది పెడతాను."

"రంపప్పొట్టా? కప్పెట్టుకోడానికి మనమేమన్నా పిల్లులమా?" అన్నాడు బావ.

"పిల్లి ఉన్నచోట ఇంత కంపు ఉండదు బావా."

"మరి ఎత్తి పారబోసేదెవరు?"

అక్కాచెల్లెళ్లిద్దరూ ఆయన వైపే చూశారు.

రెండు రోజులు పట్టింది. పంపు పిన్ని వాల్వులు కట్టేసి, పాత గొట్టం కోసి తీసి, పడవ అడుగున నీళ్లు వచ్చే, పోయే రెండు రంధ్రాలకూ మూతలు బిగించింది. కూర్చోడానికి చెక్కపెట్టె చేసి మూలకు అమర్చింది. ముందువైపు పడే మూత్రం డబ్బాలోకి, వెనకవైపుది పొట్టు పోసే బకెట్లోకి వెళ్లేలా మధ్యలో అడ్డు పెట్టింది. గాలి పైకి లాగే చిన్న ఫ్యాను బిగించింది. బకెట్లో సగందాకా నీళ్లు పోసి, పడవ ఒరిగేలా బావను అంచున అటొకసారి, ఇటొకసారి నిలబెట్టింది. నీళ్లు తొణికాయి, బకెట్ కదిలింది. దానికి ఇంకో పట్టీ వేసింది. మళ్లీ నిలబెట్టింది. ఈసారి బకెట్ కదల్లేదు.

శనివారం సాయంత్రం అక్క లోపలికెళ్లి తలుపు వేసుకుంది. వచ్చి, మంచం మీద పడుకుని, కాసేపు ఊపిరి పీల్చి చూసింది.

"ఆ గది ఆవిడకు ఫోన్ చేసి నేను రావట్లేదని చెప్పండి," అంది మొగుడితో.

పంపు పిన్ని బకెట్ మీద మూత ఎలా తిప్పి బిగించాలో, అందులోది గట్టు మీద ఎరువు గుంటలో ఎక్కడ వేయాలో బావకు చెప్పింది. ఆయన్ను ఒకసారి బిగించి చూపించమంది. బిగించాడు. బకెట్ ఆయనకు అప్పగించి, తన పనిముట్లు తుడిచి సంచిలో పెట్టుకుంది.