మిర్చి బస్తాలు మోసిన కారు

నా జీవితంలో నేను ఒకే ఒక్కసారి తెలివిగా డబ్బు ఆదా చేశాను. ఆ ఆదా దెబ్బకు చర్ల రోడ్డులో ఒక ఊరు ఊరంతా గుండెలు బాదుకుని ఏడ్చింది. కథ రాసేవాళ్లు నాలుగు కలిపి రాస్తారని మీరు అనుకోవచ్చు. నమ్మకం లేకపోతే ఆ రోజు అక్కడికి వచ్చిన డప్పుల వాళ్లను అడగండి, వాళ్లు ఉన్నది ఉన్నట్టు చెబుతారు.

అసలు నాకు కారు అవసరమే లేదు. ఖమ్మంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. బైకు ఉంది, దాని మీద నేను సుఖంగానే ఉన్నాను. అప్పుడు మాధవి సంబంధం వచ్చింది. భద్రాచలంలో స్టాఫ్ నర్సు, ఇల్లు చర్ల రోడ్డులోని ఊళ్లో. మా అమ్మానాన్నలు వెళ్లి చూసి వచ్చారు. నేను ఫోన్లో రెండుసార్లు మాట్లాడాను, మూడోసారి ఆమే చేసింది. ఇక నాకు ఈ లోకంలో వేరే సంబంధమనేది కనిపించలేదు. అలాంటి సమయంలో మధ్యవర్తి ఒక కబురు మోసుకొచ్చాడు.

"పిల్లకు నువ్వు నచ్చినవ్. గని వాళ్ల మేనమామ కోటేశ్వర్రావు ఉన్నడు చూడు, రైల్వేల పనిచేస్తడు. ఆ ఇంట్ల ఆయన మాటే మాట. ఆయనకు కారున్న అల్లుడు కావాల్నట."

"నాకు బైకుంది గదా?"

"బైకు ఆయనకు గూడ ఉంది."

పదిహేను రోజుల్లో లోను తీసుకుని ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. కారు కొనడం ఒక్క రోజు పని అండీ. దాన్ని మేపడమే జీవితాంతపు ఉద్యోగం. పెట్రోలు ధర వంద దాటిన తర్వాత బంకు కుర్రాడు "జీరో చూసుకోండి సార్" అంటే, మీటరు మీద కాదు, నా ఖాతాలో చూసుకునేవాణ్ణి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, టైర్లు, కిరాయి ఇంటివాడు కొత్తగా కనిపెట్టిన పార్కింగ్ చార్జీ. సర్వీసింగ్‌కు ఇస్తే "బండి బాగనే ఉంది సార్" అని చెప్పి, ఆ శుభవార్తకు కూడా బిల్లు చేతిలో పెట్టారు. ఒకటో తారీఖున నా జీతం వచ్చి, నన్ను పలకరించి, కారు దగ్గరికి వెళ్లిపోయేది. కారు ఉన్న నేను మాత్రం పెట్రోలు దండుగని కాలేజీకి బైకు మీదే వెళ్లేవాణ్ణి. ఎప్పుడైనా కారు తీసినా నాలుగు అద్దాలు దించుకునేవాణ్ణి తప్ప, మైలేజీ పడిపోతుందని ఏసీ బటన్ వైపు కన్నెత్తి చూడలేదు.

ఇలా ఉండగా మిర్చి కోతలు అయిపోయాయి. ముదిగొండ దగ్గర మా ఊళ్లో నాన్న మిర్చి పండిస్తాడు. బస్తాలను ఖమ్మం యార్డుకు పంపడానికి ఆయన ట్రాలీ ఆటోవాడితో బేరమాడుతుంటే నాకు జ్ఞానోదయమైంది.

"నాన్నా, ఆ కిరాయి నాకియ్యి. నా కార్ల ఏసుకపోత."

నాన్న నన్ను చూశాడు, కారును చూశాడు, మళ్లీ నన్నే చూశాడు. "అరే శీనూ, కారు మనుషులు కూసునేది. మిరపకాయలు కూసునేది గాదు."

"కారు తన తిండి తనే సంపాదించుకోవాలె నాన్నా."

"ఘాటు పోదురా."

"కడిగిస్త."

"ఏందో, సదువుకున్నోడివి. నీ ఇష్టం" అన్నాడు నాన్న. నేను ఆ మాటను మెచ్చుకోలుగా తీసుకున్నాను.

వెనక సీటు మడిచి రెండు బస్తాలు, డిక్కీలో ఒకటి, నా పక్క సీట్లో ఇంకొకటి. పక్క సీట్లో బస్తాకు బెల్టు కూడా పెట్టాను, లేకపోతే కారు కుయ్‌కుయ్‌మని అరుస్తోంది మరి. అలా నాలుగు రోజులు తిరిగాను. మూడో రోజు స్పీడ్ బ్రేకర్ దగ్గర ఒక బస్తా కుట్టు విప్పుకుంది. కాయలు ఏరి బస్తాలో వేశాను. పొడి ఎక్కడికి పోయిందని నేను ఆలోచించలేదు. కడిగేవాడు "లోపల గూడ వాక్యూమ్ కొట్టాల్నంటే ఎక్స్‌ట్రా సార్" అంటే, "లోపల ఎవరు చూస్తరు తియ్యి" అని పైపైన మెరిపించి తెచ్చుకున్నాను. ఘాటు తెలియలేదా అని అడుగుతారేమో. మిరప కల్లాల్లో పెరిగిన ముక్కు నాది, అది ఇలాంటి చిన్నాచితకా విషయాలు పట్టించుకోదు.

ఏప్రిల్‌లో మాధవి ఫోన్ చేసింది. వాళ్ల తాత నర్సయ్యకు ఖమ్మంలో హెర్నియా ఆపరేషన్ అయింది. కొడుకు కోటేశ్వర్రావు, కోడలు ఆయన దగ్గరే ఉన్నారు. "తాత మంచిగనే ఉన్నడు. సోమవారం డిశ్చార్జి. మామయ్య, అత్తమ్మ ఆదివారం మా ఇంటికి వస్తున్నరు. మీరు గూడ రండి, మాట ఖాయం చేసుకుందాం అంటున్నరు. ముగ్గురు కలిసి బస్సుల రారాదు?"

"బస్సా?" అన్నాను, కారు ఉన్నవాడి గొంతుతో. "నా కార్ల తీసుకొస్త."

ఆదివారం పొద్దున్నే దవాఖానా ముందు కారు ఆపాను. కోటేశ్వర్రావు గారు చుట్టూ తిరిగి చూసి, టైరును కాలితో తట్టి, "పర్లేదు" అన్నాడు. అత్తమ్మ వెనక కూర్చుంది. కొత్తగూడెం దాటేసరికి ఎండ మొదలైంది.

"ఏసీ ఉన్నదా బాబూ?"

"ఉంది మామయ్యా. గని అడవి గాలి చూడండి ఎంత హాయిగ ఉందో. పైసలు పెట్టినా దొరకదు."

అప్పుడు మా ముందు బొగ్గు లారీ పోతోంది. అడవి గాలి పేరు మీద వాళ్ల చేత పాల్వంచ దాకా బొగ్గు పొడి, అక్కణ్నుంచి భద్రాచలం దాకా వడగాలి పీల్పించాను. గోదావరి వంతెన దాటాక ఆయన అంగీ పూర్తిగా తడిసిపోయింది. అప్పుడు ఆయన నా భుజం మీద చెయ్యేసి, "ఇగ ఏసీ పెట్టు అల్లుడా" అన్నాడు.

అల్లుడా అన్నాడండీ! ఆ ఒక్క మాటకు పెట్రోలు, మైలేజీ, ఈఎంఐ అన్నీ మరిచిపోయాను. అద్దాలు మూసేశాను. ఏసీని ఒకటి, రెండు అని కాదు, ఒకేసారి నాలుగులో పెట్టాను.

ముందు మామయ్య తుమ్మాడు. తర్వాత అత్తమ్మ తుమ్మింది. తర్వాత ఇద్దరూ కలిసి తుమ్మారు. నాలుగు రోజుల మిర్చి పొడి నాలుగు కంతల్లోంచి చల్లగా మా మొహాల మీదికి వచ్చింది. ఏ ఘాటుకూ చలించని నా ముక్కు కూడా చేతులెత్తేసింది.

"ఏంది... గిది... అల్లుడా?"

"కొత్త పర్‌ఫ్యూమ్ మామయ్యా!"

ఎందుకన్నానో నాకే తెలియదు. వెంటనే ఏసీ ఆపి అద్దాలు దించాను. బయటి గాలి లోపలికి దూరి, సీట్లలో అణిగి ఉన్న పొడిని కూడా లేపింది. అత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ "నీళ్లు, నీళ్లు" అంది. నీళ్ల బాటిల్ దండుగని నేను కొనలేదు. కనీసం తుడుచుకోవడానికైనా ఇద్దామని బండి ఆపి డిక్కీలోంచి తువాలు తీసి మామయ్య చేతిలో పెట్టాను. ఆయన దానితో మొహమంతా గట్టిగా రుద్దుకున్నాడు. విప్పుకున్న బస్తా మూతికి కట్టిన తువాలు అదేనని నాకు ఆయన కేక విన్నాక గుర్తొచ్చింది.

దుమ్ముగూడెం దాటాక పోలీసులు కారు ఆపారు. కానిస్టేబుల్ లోపలికి వంగి చూశాడు. ముగ్గురం ముక్కులు ఎగబీలుస్తూ ధారగా ఏడుస్తున్నాం. అతను గొంతు తగ్గించాడు. "దగ్గరోళ్లా సార్?" నాకు మాట రాక తల ఊపాను. "పోండ్రి సార్, జల్దీ పోండ్రి" అని తనూ కళ్లు తుడుచుకుంటూ పక్కకు తప్పుకున్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను.

మాధవి వాళ్ల ఇంటి ముందు పదిమంది ఎదురుచూస్తున్నారు. కారు ఆగింది. ముందు మామయ్య దిగాడు. కళ్లు ఎర్రగా వాచిపోయి, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. వెనక అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంగిపోయింది. ఖమ్మం దవాఖానాలో తండ్రిని ఉంచి వచ్చిన కొడుకు ఇలా దిగితే ఎవరైనా ఏమనుకుంటారు?

"నాయనా!" అని మాధవి వాళ్లమ్మ అరుగు మీదే కూలబడింది.

మామయ్యకు దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. కాదు కాదు అని చెయ్యి ఊపాడు. జనం అది ఇంకోలా అర్థం చేసుకున్నారు. ఆయన బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని, నీళ్లు పోయమని సైగ చేశాడు. గుంపులో ఒక ముసలమ్మ ఘొల్లుమంది. "ఆఖరి గడియల నోట్ల నీళ్లు గూడ పొయ్యలేకపోయిన అంటున్నడే!"

ఇక వాడకట్టంతా దిగింది. కడుపు నొప్పి తగ్గిందా అని అంతకు ముందు ఎవరూ అడగని నర్సయ్య తాత గుణగణాలు రాగయుక్తంగా బయటికొచ్చాయి. నేను ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి "అది గాదు" అనబోయి తుమ్ముతున్నాను. "పిలగాడు చూడు, ఇంక సంబంధం గూడ కలవలే, ఎంత కుమిలిపోతున్నడో" అని నన్ను ఓదార్చారు. మాధవి వాళ్ల నాన్న చాలా నెమ్మది మనిషని, ఏ పనీ తెమలదని విన్నాను. ఆయన మామగారి విషయంలో మాత్రం ఆ నెమ్మది పాటించలేదు. నేను మూడోసారి తుమ్మేలోపు టెంటువాడికి, డప్పుల వాళ్లకు, కారేపల్లి చుట్టాలకు ఫోన్లు వెళ్లిపోయాయి.

మాధవి ఇంట్లోంచి వచ్చి నేరుగా మామయ్య కనురెప్ప ఎత్తి చూసింది. తర్వాత నా వైపు చూసింది. "అమ్మా, ఏడుపు ఆపు. ఏడిస్తే కన్నీళ్లొస్తయి, గిన్ని తుమ్ములు రావు." బిందెతో నీళ్లు తెప్పించి ముగ్గురి మొహాల మీద పోసింది. కారు తలుపు తీసి, కాళ్ల కింద పట్టా ఎత్తింది. గుప్పెడు మిరప గింజలు.

"మిర్చి బస్తాలు ఏసినవా దీంట్ల?" మీరు నుంచి నువ్వుకు ఎప్పుడు దిగిందో నేను గమనించలేదు.

"ట్రాలీ కిరాయి... మిగులుతదని..."

మామయ్యకు గొంతు తిరిగొచ్చింది. "ట్రాలీ కిరాయికి ఆశపడి మా నాయనను సంపినవా! నాకీ సంబంధం వద్దు. రేపు మా పిల్లకు పానం బాగలేకుంటే పెట్రోలు లెక్క చూసుకుంట కూసుంటడు వీడు!"

నవ్వులాటకు చెప్పడం లేదు, ఆ మాటకు నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అయితే అప్పటికే ఏడుస్తున్న మొహం కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

"కారు సాదుడు నాతోని అయితలేదు మామయ్యా" అన్నాను. "మీకు కారున్న అల్లుడు కావాల్నంటే కొన్న. అంతే."

"నేనడిగిన్నా కారు?" అంది మాధవి, నన్ను కాదు, వాళ్ల మామయ్యను చూస్తూ. ఆయన ముక్కు చీదుకునే పనిలో పడ్డాడు.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. స్పీకర్‌లో నర్సయ్య తాత.

"ఏందమ్మా, కారేపల్లి నుంచి నాకు ఫోన్ చేసి నర్సయ్యను ఎన్నింటికి తెస్తున్నరు అంటరు! నేనే మాట్లాడుతున్న అంటే పెట్టేసిండ్రు."

జరిగిందంతా మాధవి చెప్పింది.

"అందరు ఏడ్చిండ్రా?"

"అవ్ తాతా. ఊరంత."

"మీ నాయన?"

మాధవి డప్పుల వాళ్లతో బేరమాడుతున్న వాళ్ల నాన్న వైపు చూసింది. "నాయన టెంటు పనిల ఉండె."

"అనుకున్న" అన్నాడు తాత. "కోటీ, ఆ పిలగాన్ని ఏమనకు. సంబంధం ఖాయం చెయ్యి. నేను నిజంగ పోయిన్నాడు ఎవరన్న ఏడ్వకుంట నిలబడితే ఆ పిలగాని కార్ల కూసోబెట్టి ఓ చుట్టు తిప్పుకరాండ్రి. ముందుగాల మీ బావను ఎక్కియ్యండ్రి."

పెళ్లయింది. టెంటు అడ్వాన్సు, డప్పుల కిరాయి, కారేపల్లి నుంచి దండతో సహా వచ్చిన చుట్టాల ఆటో ఖర్చు నేనే కట్టాను. బతికున్న మనిషి కర్మకాండలు కారు ఖర్చుల కింద రాసుకున్న మొదటి ఓనర్ని నేనే అయ్యుంటాను. ఏసీ విప్పిన మెకానిక్ తన తుమ్ములకు కూడా వేరుగా తీసుకున్నాడు.

ఇంత జరిగాక ఆ కారును అమ్మేస్తానంటే తాత ఒప్పుకోవడం లేదు. "అమ్ముతవా? మరి నా ఏర్పాటు?" అంటాడు. ఆయన రోజూ పొద్దున్నే చేను దాకా నడిచి వస్తున్నాడు, డాక్టరు చూసి నూరేళ్లకు ఢోకా లేదన్నాడు. ఏటేటా కారు ఇన్సూరెన్సు, తాత ఆరోగ్యం రెండూ రెన్యువల్ అవుతున్నాయి. మొదటిదానికి డబ్బు కడుతున్నది నేను.

కాబట్టి పాఠకులారా, తూర్పుకు తిరిగి, చెప్పులు విడిచి, మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నా కారులో మిరపకాయ ఎక్కదు. బజ్జీల పొట్లం పట్టుకుని ఎవరైనా లిఫ్టు అడిగితే, వాళ్లు తిని, చేతులు కడుక్కుని, మూతి తుడుచుకునేదాకా తలుపు తీయను. దారిలో నాకు డబ్బు ఆదా చేసే ఆలోచన గనక వస్తే, అక్కడే బండి ఆపి, దిగి, అది పూర్తిగా పోయేదాకా పక్కన నిలబడతాను. అప్పటిదాకా ఇంజను ఆన్‌లోనే ఉండనీ, పెట్రోలు ఎంతైనా కానీ.