కుడి చక్రం హబ్బు

మా మేనల్లుడు శీను పోయిన నెల ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాడు. ఖానాపురం హవేలిలో మా సందులోకి అది రావడానికి రెండు స్కూటర్లు, ఒక ఆటో పక్కకు జరపాల్సి వచ్చింది. లోపల గేరు పక్కన గుండ్రటి మీట ఒకటి ఉంది. దాని మీద ఇసుక, బురద, రాళ్ల బొమ్మలు ఉన్నాయి. ఏ బొమ్మ దగ్గరికి తిప్పితే ఆ నేలకు తగ్గట్టు బండి నడుచుకుంటుందట. "మామా, మా నాయిన పనిచేసిన ఊరు చూసొద్దాం. దారి నువ్వే చెప్పాలె" అన్నాడు. అటువైపు వెళ్లాలనుకునే మీలాంటి వాళ్లకూ పనికొస్తుందని దారి రాయడానికి కూర్చున్నాను. అయితే ఆ దారిలో నేను జీపులో పోయింది ఒక్కసారే. ఆ రోజు జరిగింది పక్కన పెట్టి కిలోమీటర్లు మాత్రమే చెప్పడం నాకు చేతకాలేదు.

ఎనభైల్లో మాట. నాకు ఇరవై నాలుగేళ్లు. పాల్వంచలో స్టోర్సు గుమాస్తాగా చేరి ఏడాది కూడా కాలేదు. మా అక్క భర్త, అంటే శీను నాన్న, దుమ్ముగూడెం అవతల అడవిలో ఒక గూడెం బడికి పంతులు. అక్క కూడా అక్కడే ఉండేది. రెండేళ్ల శీను ఆ వారం ఇల్లందులో మా అమ్మ దగ్గర ఉన్నాడు. వానాకాలం మొదలైన కొత్తలో ఒక సాయంత్రం బస్సు కండక్టర్ చేతికి అక్క ఇచ్చి పంపిన చీటీ నాకు అందింది. బావకు నాలుగు రోజులుగా చలిజ్వరం, పొద్దుటి నుంచి మాట తడబడుతోంది, జీపు మాట్లాడుకొని రా అని అందులో ఉంది. ఆ అడవి జ్వరం తలకెక్కితే ఏమవుతుందో మా ప్రాంతంలో అందరికీ తెలుసు. భద్రాచలం దవాఖానకు చేర్చడమే పని. ఎంత తొందరగా చేరిస్తే అంత మంచిది.

పాల్వంచ బస్టాండు దగ్గర యాకూబ్ భాయ్ జీపు ఉండేది. మిలిటరీ వేలంలో కొన్న పాత బండికి డీజిల్ ఇంజను వేయించాడు. వాగులు దాటే కిరాయి ఎవరికి కావాలన్నా ముందు ఆయన్నే అడిగేవారు. నలభై దాటిన మనిషి, మెడలో ఎప్పుడూ గళ్ల తువ్వాలు. రోజుకు మూడు వందలు, డీజిల్ మనదే. తెల్లవారి ఐదున్నరకు బయలుదేరి ఏడు గంటలకల్లా భద్రాచలం వంతెన మీద ఉన్నాం. గోదావరి అప్పటికే ఎర్రబడి ఉంది. అవతలి గట్టున చాయ్ తాగి, నదిని ఎడమ చేతి వైపు పెట్టుకుని దుమ్ముగూడెం దాకా తారు రోడ్డు మీద పోయాం. అది దాటాక కుడి వైపు అడవిలోకి బండి బాట మొదలవుతుంది. అక్కణ్ణుంచి గూడేనికి పన్నెండు కిలోమీటర్లు, మధ్యలో ఒక వాగు. పన్నెండు కిలోమీటర్లే కదా అనుకోకండి, మాకు గంటన్నర పట్టింది.

వాగు గట్టున యాకూబ్ భాయ్ జీపు ఆపి "దిగు తమ్మీ" అన్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. "ముందల సీట్ల కూసున్నోనిదే హబ్బుల పని. నేను యాక్సిలరేటరు మీదికెళ్లి కాలు తీస్తే గీ బండి బందైతది. సెల్ఫు లేదు. మల్ల తోసుడే." ఆ రోజుల్లో మా వైపు జీపు ఎక్కేవాళ్లందరికీ తెలిసిన పద్ధతే అది, నాకే తెలియదు. ఒక్కో ముందు చక్రం నడిమధ్యన బిళ్ల లాంటి హబ్బు ఒకటి ఉంటుంది. మామూలు రోడ్డు మీద దాన్ని ఫ్రీగా వదిలేస్తారు. అప్పుడు ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి, డీజిల్ కాస్త ఆదా అవుతుంది. వాగు వచ్చినప్పుడు దిగి, రెండు వైపులా లాక్‌కు తిప్పాలి. డ్రైవర్ దగ్గర రెండు చిన్న గేరు కర్రలుంటాయి. ఒకటి వేస్తే ఇంజను బలం ముందు ఇరుసుకు కూడా పోతుంది. రెండోది లో గేరు. అది వేస్తే బండి నెమ్మదిస్తుంది కానీ లాగే బలం పెరుగుతుంది. తారు రోడ్డు తగలగానే రెండూ తీసేయాలి, లేకపోతే మలుపుల్లో బండి బిర్రుగా పట్టేసి ఇరుసు పాడవుతుంది.

రెండు హబ్బులూ తిప్పి ఎక్కాను. "రెండు దిక్కుల తిప్పినవా?" అని అడిగాడు. తిప్పానన్నాను. "ఒకటి వదిలేస్తే రెండోది గుడ దండుగే. బలమంతా వదిలేసిన దిక్కే పోయి ఊరికే తిరుగుతది. సగం లాగుతదనుకునేవు, అస్సలే లాగది." మోకాలి లోతు నీళ్లలో బండి మెల్లగా, ఎక్కడా తడబడకుండా దాటింది. లో గేరులో రెండో నంబరు వేసి, నీళ్లలో క్లచ్ తొక్కకుండా, యాక్సిలరేటరు ఒకే తీరుగా పట్టి ఉంచాడు. అవతల మళ్లీ నన్ను దింపి హబ్బులు ఫ్రీ చేయించాడు. డీజిల్ ఖర్చు నాదే అయినా ఆదా చేసే ఆయన అలవాటు మారలేదు.

తొమ్మిదిన్నర దాటాక గూడెం చేరాం. బావ నులక మంచం మీద ఉన్నాడు. నన్ను చూశాడు కానీ గుర్తుపట్టలేదు. అక్క ఏడవలేదు. మూట కట్టుకొని సిద్ధంగా ఉంది. "పొద్దుగాల రెండు ముద్దల జావ తాగిండు. ఇప్పుడు మాట అందుతలేదు" అంది. వెనక పొడవాటి సీటు మీద బొంత పరిచి పడుకోబెట్టాం. తల అక్క ఒడిలో పెట్టుకుంది. బయలుదేరేసరికి పదింపావు. ఆకాశం నల్లగా ఉంది కానీ మా మీద చినుకులే పడుతున్నాయి. వాన పైన గుట్టల్లో కురుస్తోందని వాగు చూసేదాకా నాకు తెలియలేదు.

పొద్దున మోకాలి లోతున్న నీళ్లు తొడల దాకా వచ్చాయి. చూస్తుండగానే ఒడ్డున రాయి ఒకటి మునిగింది. "జల్దీ తమ్మీ. ఇంక అర్ధగంట పోతే దాటలేం" అన్నాడు యాకూబ్ భాయ్. ఎడమ వైపు హబ్బు తిప్పాను, టక్కుమని పట్టింది. కుడి వైపుకు పరుగెత్తాను. అది కదల్లేదు. పొద్దుటి ఇసుక లోపల చేరి బిగుసుకుంది. రెండు చేతులతో తిప్పాను, వేలి చర్మం లేచింది కానీ అది రాలేదు. పట్టుకారు కావాలి. పట్టుకారు వెనక సీటు కింద ఉంది, సీటు మీద బావ ఉన్నాడు. ఆయన్ని లేపాలి, అక్కను దింపాలి, బొంత తీయాలి. లోపలి నుంచి యాకూబ్ భాయ్ "అయిందా?" అని అడిగాడు.

"అయింది" అన్నాను.

పొద్దున ఆయన చెప్పిన మాట ఆ క్షణంలో గుర్తు లేదని అంటే అబద్ధమవుతుంది. గుర్తుంది. ఒక్కటైనా పట్టింది కదా, ఎలాగో దాటుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. బండి నీళ్లలో దిగింది. సగం దాకా బాగానే పోయింది. తర్వాత వెనక చక్రాలు ఇసుకలో తిరగడం మొదలుపెట్టాయి. యాకూబ్ భాయ్ తొందరపడలేదు. యాక్సిలరేటరు తొక్కుతూనే రెండో కాలితో బ్రేకు కొద్దికొద్దిగా నొక్కాడు. జారుతున్న చక్రాన్ని అలా కాస్త పట్టి ఉంచితే బలం అవతలి చక్రానికి పోతుందని తర్వాత తెలిసింది. శీను బండిలో ఆ పని బండే చేసుకుంటుందట. ఆ రోజు అది కూడా పనిచేయలేదు. కుడి వైపు కిందికి కూరుకుపోయింది. "ముందల చక్రాలు లాగుతలేవేంది?" అని తనలో తాను అనుకుని నా వైపు తిరిగాడు. "రెండు పట్టినయి గద తమ్మీ?"

"పట్టాయి" అన్నాను. అది రెండో అబద్ధం. మొదటిదానికి తొందర అనే సాకైనా ఉంది, దీనికి అదీ లేదు.

నీళ్లలోకి దిగి ఎవరూ చూడకుండా కుడి చక్రం దగ్గర చెయ్యి పెట్టాను. హబ్బు ఇసుకలో పూడిపోయింది. ఇక చెప్పినా లాభం లేదనుకుని నోరు మూసుకుని గూడెం వైపు పరుగెత్తాను. పొలం దగ్గర ముత్తయ్య అనే రైతు కనపడ్డాడు. పంతులు బండి వాగులో ఉందనగానే అరక విడిచి, ఇంకో జత కోసం ఊళ్లోకి కబురు పంపాడు. రెండు జతల ఎడ్లు, మోకులు వచ్చేసరికి పన్నెండు దాటింది. నీళ్లు జీపు అడుగు పలక మీదికి ఎక్కుతున్నాయి. అక్క కదలకుండా కూర్చుని ఉంది. బావకు సంధి పుట్టింది, పలవరిస్తున్నాడు. బడిలో ఉన్నట్టే హాజరు పిలుస్తున్నాడు. పిల్లల పేర్లు ఒక్కొక్కటే పిలిచి, జవాబు కోసం ఆగుతున్నాడు. మోకు కడుతున్న ముత్తయ్యకు తన కొడుకు పేరు వినపడింది. నీళ్లలో నిలబడే "ఉన్నడు సారూ" అన్నాడు. ఆ పేరు దాటి బావ తర్వాతి పేరుకు పోయాడు.

ఒంటిగంటకు బండి ఒడ్డెక్కింది. యాకూబ్ భాయ్ ఎవర్నీ అడగకుండా బావను మెల్లగా పక్కకు జరిపి, సీటు కింది నుంచి పట్టుకారు తీశాడు. కుడి చక్రం దగ్గర కూర్చుని ఇసుక తుడిచి, హబ్బు ఎటు ఉందో చూశాడు. తిప్పాడు. టక్కుమంది. లేచి నా వైపు చూశాడు. నేను వాగు వైపు చూశాను. "ఎక్కు తమ్మీ" అన్నాడు, అంతే. మూడుంపావుకు భద్రాచలం దవాఖానలో ఉన్నాం. సెలైన్ పెట్టారు, ఇంజెక్షన్లు ఇచ్చారు. మర్నాడు పొద్దున ఎనిమిది గంటలకు బావ పోయాడు. రెండు గంటలు ముందు తెచ్చి ఉంటే బతికేవాడా అని డాక్టర్‌ని విడిగా అడిగాను. "చెప్పలేం" అన్నాడు. ఆ మాట మీదే నేను ఇన్నేళ్లు బతికాను.

వరండాలో అక్క గోడకు ఆనుకుని "వాగు కాడ్నే పానం పోయింది" అంది. యాకూబ్ భాయ్ రాత్రంతా ఇంటికి పోకుండా అక్కడే ఉన్నాడు. "వాగుదేం లేదమ్మా. నా బండిది పాత ఇరుసు. ముందల లాగలే. తప్పు నా బండిదే" అన్నాడు. నేను మూడడుగుల దూరంలోనే ఉన్నాను. ఆ మాట పాల్వంచకు మాకంటే ముందే చేరింది. యాకూబ్ జీపు రోగులకు పనికిరాదన్నారు. ఏడాది తిరక్కముందే ఆయన బండి అమ్మేసి ఎవరి లారీ మీదో డ్రైవర్‌గా చేరాడు. చాలా కాలం తర్వాత బస్టాండులో కనపడితే ధైర్యం చేసి "భాయ్, ఆ రోజు కుడి వైపు..." అన్నాను. ఆయన మాట పూర్తి కానివ్వలేదు. "మీ అక్కకు అప్పుడు నువ్వొక్కనివే దిక్కు. నీ మొఖం చూసుకుంట బతకాలె గద. బండిదేముంది, ఇంకోటి దొరుకుతది" అని చాయ్ తాగించి పంపాడు. ఇప్పుడు ఆయన లేడు.

శీను బండి మా సందులో ఆగిన రోజు నుంచి నాకు నిద్ర సరిగా లేదు. బొమ్మలున్న ఆ మీట చూసినప్పుడల్లా నా వేళ్ల కింద కదలని బిళ్లే గుర్తుకొస్తోంది. ఇదంతా రాసి, మీకంటే ముందు అక్కకు చదివి వినిపించాను. చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చేతిలో ఉన్న కాయ ఒలవడం పూర్తిచేసి, చేట పక్కన పెట్టింది. తర్వాత "యాకూబ్ ఇంటోళ్లు ఏడుంటరు?" అని అడిగింది. ఆయన భార్య పాల్వంచలోనే ఉందని చెప్పాను. "ముందుగాల ఆడికి పోదాం. ఆమె ముంగట చెప్పు, గిప్పుడు నాకు చెప్పినట్టే. ఊరు తర్వాత చూద్దాం." నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఆదివారం పొద్దున ఆరింటికి శీను బండిలో బయలుదేరుతున్నాం, భద్రాచలం వంతెన కంటే ముందు పాల్వంచలో ఆగుతాం.

అటు వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగిన సూచన ఒక్కటే. కొత్త బండ్లలో లోపల కూర్చుని ఉండగానే అన్నీ జరిగిపోతాయి. కిరాయికి పాత జీపు దొరికితే మాత్రం వాగుకు ముందు గట్టి నేల మీద ఆపించి, దిగి, రెండు హబ్బులూ మీ చేత్తో తిప్పండి. ఒకటి రాకపోతే రాలేదని డ్రైవర్‌కు చెప్పండి. పట్టుకారు సీటు కింద ఉంటే, ఆ సీటు మీద ఎవరు పడుకుని ఉన్నా సరే, లేపి తీయండి.